మడతచాకు పద్యత్రయం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

పూర్వులు ఏ గ్రంథం మొదలుపెట్టినా నాలుగు సంగతులు ముందే తేల్చి చెప్పేవారు. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఈ నాలుగింటినీ కలిపి అనుబంధ చతుష్టయం అన్నారు. ఈ పద్యత్రయానికి విషయం మడతచాకు, అనగా పిడిలోకి ముడుచుకుని జేబులో పట్టేది. ప్రయోజనం రెండు విధాలు. జామకాయ కోయడం దృష్టప్రయోజనం. వేలు కోసుకోకపోవడం అదృష్టప్రయోజనం. సంబంధం చాకుకూ చేతికీ ఉన్నది. ఇక అధికారి, అంటే చాకు కొనడానికి అర్హుడెవరన్నది, గ్రంథాంతంలో తేలుతుంది. ఇప్పుడే చెబితే చదువరులు సగానికి సగం లేచిపోతారని కవి భయం.

కవికాలాదుల గురించి వివాదం లేదు. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే. మన పద్యానికి మనమే వ్యాఖ్యానం రాసుకోవచ్చునా అని అడిగేవారికి జవాబు: మరొకరు రాయలేదు. కవి ఎడమ చూపుడువేలి మీద మూడు కుట్ల మచ్చ ఒకటి ఉంది. ఈ కావ్యరచనకు అదే శిలాశాసనం. రైల్లో జామకాయ కోస్తుండగా, ఫుట్‌పాత్ మీద కొన్న చాకు తాళం జారి, అలుగు వేలి మీదికి ముడుచుకుంది. శోకం నుంచి శ్లోకం పుట్టడం మన దేశంలో కొత్త కాదు కనుక ఆ రాత్రే మొదటి పద్యం పుట్టింది.

ఈ వ్యాఖ్యానంలో పూర్వపక్షి మా బావ. బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. ఏ చాకు చూసినా ముందు ఉక్కు పేరు అడుగుతాడు.

ప్రథమ పద్యం

ఆ.వె.
ఉక్కు పేరు చూసి యుబ్బిపోవుట యేల
తాళమెట్టి దనుచు తరచి చూడు
వేలు తెగిన పిదప వివర మడుగనేల
మడత విరుగు చోటు మర్మమెరుగు

ప్రతిపదార్థం: ఉక్కు పేరు = అలుగు మీద చెక్కిన డి2, విజి10, ఎస్30వి వంటి బిరుదనామం; చూసి = దుకాణంలో కళ్ళద్దాలు సవరించుకుని చదివి; ఉబ్బిపోవుట = పొంగిపోవడం; ఏల = ఎందుకు; తాళము = తెరిచిన అలుగు మళ్ళీ ముడుచుకోకుండా పట్టి ఉంచే ఏర్పాటు; ఎట్టిది అనుచు = ఎలాంటిదో అని; తరచి చూడు = ఒకటికి రెండుసార్లు తెరిచి మూసి పరీక్షించు; వేలు తెగిన పిదప = స్పష్టం; వివరము = అమ్మినవాడి ఊరూ పేరూ; అడుగనేల = అడిగి లాభమేమి; మడత విరుగు చోటు = అలుగూ పిడీ కలిసే ఇరుసు దగ్గర; మర్మము = ఉన్న రహస్యం; ఎరుగు = తెలుసుకో.

తాత్పర్యం: ఓయీ, అలుగు మీది అక్షరాలు చదివి మురిసిపోకు. ఇరుసు దగ్గర ఏముందో చూడు. వేలు తెగాక విచారణ దండగ.

పదచ్ఛేద విచారం: చివరి పాదంలో "మర్మమెరుగు" అన్నచోట మా బావ "మర్మ మెరుగు" అని విడగొట్టాడు. మడత దగ్గర రహస్యంగా మెరుగు పెట్టి ఉంటుందని ఆయన అర్థం. ఇది వ్యాకరణానికి సరిపడదు. లోకానుభవానికి మాత్రం బాగానే సరిపడుతుంది. నాసిరకం చాకుల్లో మెరుగు ఉండేది అక్కడే. అందుచేత ఈ పాఠాన్ని ఖండించకుండా వదిలిపెట్టాం.

విశేషం, ఉక్కు: ఈ మాట దగ్గర తెలుగు వ్యాఖ్యాతకు కాస్త ఛాతీ విరుచుకునే హక్కుంది. ఒకనాడు ఐరోపావాళ్ళు మన మూస ఉక్కును "వూట్జ్" అన్నారు. ఆ పేరు కన్నడ తెలుగు భాషలు రెండింటా ఉన్న "ఉక్కు" నుంచే వెళ్ళిందని ఎక్కువమంది పండితుల మాట. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఈ ఉక్కు కరిగించేవారు. దాన్ని కొనడానికి పారశీక వర్తకులు ఆ ఊరికి వచ్చేవారు. హెన్రీ వాయ్సీ అక్కడి కొలుములను చూసి రాసిన వర్ణన 1832లో అచ్చయింది. ఈ రకం ఉక్కుతోనే దమాస్కస్ కత్తులు తయారయ్యేవి. ఆ కత్తుల మీద నీటి అలల్లాంటి చారలు ఎలా వచ్చాయో వెర్హోవెన్ అనే అమెరికన్ లోహశాస్త్రజ్ఞుడు, పెండ్రే అనే కమ్మరి కలిసి పరిశోధించి 1998లో ప్రకటించారు. ఇనుములో అతి స్వల్పంగా కలిసిన వనేడియం వంటి మాలిన్యాలే అందుకు కారణమట. మా బావ నెత్తిన పెట్టుకునే ఎస్30విలో ఆ చివరి "వి" వనేడియమే. దాన్ని ఇప్పుడు కొలిచి నూటికి నాలుగు పాళ్ళు వేస్తున్నారు. పూర్వం చెప్పకుండా వచ్చిన చుట్టానికి ఇప్పుడు శుభలేఖ పంపుతున్నారన్నమాట.

విశేషం, త్రిగుణాలు: ఉక్కుకు మూడు గుణాలు. గట్టితనం, ఓర్పు, తుప్పు పట్టకపోవడం. గట్టిదైతే పదును చాలాకాలం నిలుస్తుంది. ఓర్పు ఉంటే ఎముక తగిలినా వాదర పెచ్చు లేవదు. మూడోది నిమ్మకాయ కోసినప్పుడు తెలుస్తుంది. మూడూ నిండుగా ఒకచోట ఉండవు. ఒకదాన్ని పెంచితే మరొకటి అలుగుతుంది. కార్బన్ గట్టితనాన్ని ఇస్తుంది, ఓర్పును తినేస్తుంది. క్రోమియం తుప్పును ఆపుతుంది, కానీ కార్బన్ ఎక్కువగా ఉన్నచోట దానితో జతకట్టి తన పని మరిచిపోతుంది. డి2 ఉక్కులో క్రోమియం నూటికి దాదాపు 12 పాళ్ళున్నా తడి తగిలితే మచ్చపడేది అందుకే. ఒకటిన్నర పాళ్ళ కార్బన్ దాన్ని కట్టి కూర్చోబెడుతుంది.

షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ 1913లో 12.8 పాళ్ళ క్రోమియంతో తుప్పు పట్టని ఉక్కు పోతపోశాడు. ఆయన మొదలుపెట్టింది చాకుల కోసం కాదు, తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండడం కోసం. ఆ ఊరి చాకుల పనివాళ్ళు మొదట్లో ఆయన్ను తెగని కత్తి కనిపెట్టిన మనిషి అని వెక్కిరించారు. ఎలా కాల్చాలో, ఎలా చల్లార్చాలో వాళ్ళకింకా అలవాటు కాలేదు. ఉక్కులో దోషం లేదు, వంటలో ఉంది.

విశేషం, పాయనం: ఈ వంటకే పాత పేరు పాయనం. కాల్చిన అలుగుకు ద్రవం తాగించడమని అర్థం. వరాహమిహిరుడి బృహత్సంహితలో ఖడ్గలక్షణం చెబుతూ ఈ తాగుడు విధులు కూడా చెప్పారు. పాపకార్యంతో పని సాధించుకోదలచినవాడు కత్తికి గుర్రప్పాలు, ఒంటెపాలు, ఆడఏనుగు పాలు తాగించాలట. ఇప్పటి కర్మాగారాల్లో నూనె, గాలి, పీడనంతో పంపిన నైట్రోజన్ తాగిస్తున్నారు. ఆడఏనుగులు ఊపిరి పీల్చుకున్నాయి. అదే గ్రంథం ప్రకారం 50 అంగుళాల ఖడ్గం ఉత్తమం, 25 అధమం. అక్కడ అంగుళమంటే వేలి వెడల్పు. ఆ లెక్కన మన చాకు అలుగు నాలుగున్నర అంగుళాలు. అధమానికి కూడా అందని ఈ వస్తువు మీద ఇంత వ్యాఖ్యానమా అంటే, వేలు తెగడానికి అది చాలు.

పాయనం మహిమకు ఒక దృష్టాంతం. అమెరికాలో బక్ కంపెనీవారు తమ ప్రసిద్ధమైన 110 నంబరు చాకుకు 420హెచ్‌సి అనే సామాన్యమైన ఉక్కు వాడతారు. ఉక్కుల పట్టికలో దానికి దక్కేది వెనక బెంచీ. కానీ పాల్ బాస్ అనే పాయన నిపుణుడు దానికి కాల్చే పద్ధతి కుదిర్చాక అది పేరున్న ఉక్కుల పక్కన నిలబడి పని చేసింది. ఒకే సోనా మసూరి ఒక ఇంట్లో అన్నమవుతుంది, ఇంకో ఇంట్లో జావ అవుతుంది. బియ్యం బస్తా మీది పేరు చదివి భోజనానికి కూర్చునేవాడు ఉంటాడా?

పూర్వపక్షం: "అయితే రాక్‌వెల్ సంఖ్య చూస్తే సరిపోతుంది కదరా" అని మా బావ.

సిద్ధాంతం: సరిపోదు బావా. రాక్‌వెల్ సి కొలతలో వజ్రపు మొనను 150 కిలోల బరువుతో ఉక్కులోకి దింపి ఎంత లోతు దిగిందో చూస్తారు. స్విస్ విక్టోరినాక్స్ అలుగుకు 56 వస్తుంది, ఖరీదైన చాకులకు 60, ఆ పైన వస్తుంది. అది గట్టితనం ఒక్కటే చెబుతుంది. అలుగు ఎంత పలచనో చెప్పదు. ఫ్రాన్సులో సావోయ్ ప్రాంతపు ఓపినెల్ 8 నంబరు చాకు అలుగు వీపు దగ్గర 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాని ఉక్కు ఏ పట్టికలోనూ మొదటి వరసలో లేదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న గొప్ప ఉక్కు చాకుతో యాపిల్ కోస్తే కాయ తెగదు, చీలుతుంది. ఓపినెల్‌తో కోస్తే ముక్కకు తెగినట్టు తెలియదు. కోసేది ఉక్కు పేరు కాదు, వాదర వెనక ఉన్న పలచదనం. ఇది మొదటి పద్యానికి ఫలితార్థం.

ద్వితీయ పద్యం

తే.గీ.
వీపు తాళమొక్కటి యోర విరుగు రేకు
అడ్డుకడ్డి యొక్కటి మెడ నంటు కడియ
మనగ నాల్గు తాళములుండు మడతకత్తి
కందు నేది వేలికి నడ్డు కాదొ చూడు

ప్రతిపదార్థం: వీపు తాళము ఒక్కటి = పిడి వీపున ఉండే తాళం; ఓర విరుగు రేకు = పక్కకు వంగి అలుగు కింద చేరే రేకు; అడ్డుకడ్డి = ఇరుసు దగ్గర అడ్డంగా జరిగే కడ్డీ; మెడన్ అంటు కడియము = పిడి మెడకు చుట్టుకుని తిరిగే ఉంగరం; అనగ = అని; నాల్గు తాళములు = నాలుగు రకాల తాళాలు; మడతకత్తికి ఉండు = మడతచాకుకు ఉంటాయి; అందున్ ఏది = వాటిలో ఏది; వేలికి అడ్డు కాదొ = ముడిచేటప్పుడు నీ వేలిని అలుగు దారిలో పెట్టించదో; చూడు = కొనేముందే చూసుకో.

తాత్పర్యం: తాళం వేయడం అందరికీ వచ్చు. తాళం తీసేటప్పుడు నీ వేలు ఎక్కడుందో చూసుకున్నవాడే వివేకి.

శబ్దవిచారం: "విరుగు" అంటే ఇక్కడ వంగు అని చెప్పుకోవాలి. ఫుట్‌పాత్ మీద కొన్నదైతే అక్షరార్థమే చెల్లుతుంది. మెడకు చుట్టుకున్నదాన్ని కంటె అనకుండా కడియం అన్నాడేమి? గణాల కోసం. పూర్వకవులు ఇంతకంటే చిన్న కారణాలకు ఇంతకంటే పెద్ద దోషాలు చేశారు.

విశేషం, వీపు తాళం: పిడి వీపున ఒక ఉక్కు కమ్మీ ఉంటుంది. దాని కొన అలుగు మొదట్లో చెక్కిన గాడిలో టక్కున పడుతుంది. వెనక వైపు నొక్కితే కొన లేచి అలుగు వదులవుతుంది. ఈ తాళం పాతదే. 1964లో వచ్చిన బక్ 110తో వేటగాళ్ళ నడుముకు, అక్కడినుంచి లోకానికి వ్యాపించింది. నమ్మకమైనది. కానీ గాడిలో జామగుజ్జో, జేబులోని దూదో చేరితే కొన పూర్తిగా దిగదు. టక్కుమన్న చప్పుడు స్పష్టంగా వినబడకపోతే దిగలేదని గ్రహించాలి. ఈ తాళాన్ని చెవితో పరీక్షిస్తారు.

విశేషం, ఓర విరుగు రేకు: పిడి లోపలి రేకునే ఒక పక్క చీల్చి స్ప్రింగులా వంచుతారు. అలుగు తెరుచుకోగానే ఆ రేకు పక్కకు జరిగి అలుగు మడమ వెనక నిలబడుతుంది. ఇప్పటి రూపంలో దీన్ని 1980ల మొదట్లో తీర్చిదిద్దినవాడు మైకేల్ వాకర్ అనే అమెరికన్ కమ్మరి. తరవాత క్రిస్ రీవ్ పిడి పలకనే చీల్చి తాళంగా మలిచాడు. ఆ చాకు పేరు సెబెంజా. జులూ భాషలో పని అని అర్థం. ఇవి సన్ననివి, ఒంటిచేత్తో తెరవడానికి మూయడానికి వీలైనవి. లోపం పద్యంలో చివరి పాదమే. ముడిచేటప్పుడు బొటనవేలు రేకును నెట్టాలి, ఆ వేలు ఉన్న దారిలోనే అలుగు దిగుతుంది. చెయ్యి కదిపినంతసేపూ మనసు అక్కడే ఉండాలి. రైల్లో కవి మనసు జామకాయ మీద ఉంది. పైగా ఆ చాకులో రేకు అలుగు మడమను అంచుకు అంచుగా మాత్రమే తాకుతోందని తరవాత తేలింది. మడమ వెడల్పులో కనీసం పావువంతు మేర ఆనితేనే దాన్ని నమ్మాలి. పూర్తిగా అవతలి అంచుకు పోయి ఉంటే అరిగిపోయిందని అర్థం.

విశేషం, అడ్డుకడ్డి: అలుగు మెడ దగ్గర పిడి రెండు వైపులా గాళ్ళుంటాయి. వాటిలో చిన్న ఉక్కు కడ్డీ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. సన్నని తీగ స్ప్రింగులు దాన్ని ముందుకు నెడుతుంటాయి. అలుగు తెరవగానే కడ్డీ దాని వెనక అడ్డంగా పడుతుంది. మెక్‌హెన్రీ, విలియమ్స్ అనే ఇద్దరు దీన్ని రూపొందించగా బెంచ్‌మేడ్ వారు 1998లో 710 నంబరు చాకుతో తెచ్చారు. పేటెంటు గడువు తీరాక ఈ కడ్డీ ఎందరి చాకుల్లోనో కనిపిస్తోంది. కుడిచేతివాడికీ ఎడమచేతివాడికీ సమానం. తీసేటప్పుడు ఏ వేలూ అలుగు దారిలో ఉండదు. బలహీనత ఆ తీగ స్ప్రింగులే. రోజూ వందసార్లు తెరిచి మూసే బద్ధకస్తుల చేతిలో అవి అలసిపోతాయి.

విశేషం, కడియం: పద్యంలో చివర చెప్పినా కవి మనసులో మొదటిది ఇదే. జోసెఫ్ ఓపినెల్ 1890లో సావోయ్ కొండల్లో రైతుల కోసం చాకు చేశాడు. బీచి చెక్క పిడి, ఒక అలుగు, ఒక మేకు. చాలాకాలం దానికి తాళమే లేదు. 1955లో మార్సెల్ ఓపినెల్ పిడి మెడకు చీలిక ఉన్న ఉక్కు ఉంగరం తొడిగాడు. ఉంగరం తిప్పితే చీలిక తప్పుకుని అలుగుకు అడ్డం పడుతుంది. మళ్ళీ తిప్పితే దారి ఇస్తుంది. స్ప్రింగు లేదు, చప్పుడు లేదు, చూస్తే చిన్నపిల్లకైనా తెలుస్తుంది. వానలో తడిస్తే చెక్క ఉబ్బి అలుగు బయటికి రాదు. అప్పుడు పిడి అడుగును బల్ల అంచుకు తట్టి తీయడం ఆ కొండవాళ్ళ అలవాటు. ఉబ్బిపోవుట ఏల అన్న మొదటి పద్యం ప్రశ్నకు ఇక్కడ సమాధానం దొరుకుతుంది: బీచి చెక్క గనుక.

పూర్వపక్షం: "తాళాలు నాలుగే అన్నావు. మరి స్విస్ చాకుకు ఏ తాళమూ లేదే. అది చాకు కాదా?"

సిద్ధాంతం: మంచి ప్రశ్న. వైశేషికులు పదార్థాలు లెక్కపెడుతూ ద్రవ్యం, గుణం అంటూ వచ్చి ఏడోదిగా అభావాన్ని చేర్చారు. లేకపోవడం కూడా ఒక పదార్థమే. ఆ న్యాయంతో తాళం లేకపోవడం అయిదో తాళం. కార్ల్ ఎల్సెనర్ 1891లో స్విస్ సైన్యానికి చాకులివ్వడం మొదలుపెట్టాడు. 1897లో సైనికాధికారుల చాకు నమోదు చేయించాడు. ఇప్పటికీ జేబులో పట్టే చిన్న ఎర్ర చాకుల్లో చాలావాటికి వీపున ఉన్న స్ప్రింగు బిగువే దిక్కు. గట్టిగా వెనక్కి నెడితే ముడుచుకుంటుంది. జపాన్‌లో మికి పట్టణపు హిగోనోకామికి ఆ స్ప్రింగు కూడా లేదు. అలుగు మొదట్లో ఒక చిన్న తోక ఉంటుంది, దాన్ని బొటనవేలితో అదిమి పట్టాలి. అక్కడ తాళం మనిషే.

తాళం లేని చాకుకు ఒక గొప్ప గుణం ఉంది. అది ఎవరికీ అతినమ్మకం కలిగించదు. దాన్ని పట్టుకున్నవాడు అలుగును వెనక్కి నెట్టే పని చేయడు. మొనతో పొడవడు, మెలితిప్పడు. మూడు కుట్ల కవి చేతిలో ఉన్నది తాళం ఉన్న చాకే.

మా బావ కష్టం మరొకటి. ఇంగ్లండులో 1988 నాటి చట్టం ప్రకారం 3 అంగుళాలు మించని మడతచాకు తగిన కారణం చూపకుండానే జేబులో పెట్టుకోవచ్చు. కానీ తాళం పడే చాకు ఆ మినహాయింపు కిందికి రాదని 1993లో అక్కడి కోర్టు తేల్చింది. అంటే వేలిని కాపాడేందుకు పెట్టిన తాళమే మనిషిని బోనెక్కిస్తుంది. అందుకే ఎస్30వి భక్తుడైన మా బావ బర్మింగ్‌హామ్ వీధుల్లో తిరిగేటప్పుడు జేబులో ఉండేది ఎర్ర పిడి స్విస్ చాకు. సిద్ధాంతం ఒకటి, ఆచారం ఒకటి. ఇది గృహస్థ ధర్మమే.

పరీక్షావిధి: చాకు తెరిచి పిడిని వేళ్ళు అలుగు దారిలోకి రాకుండా పట్టుకోవాలి. అలుగును కిందికీ మీదికీ, ఆపైన పక్కలకూ మెల్లగా కదపాలి. పక్కలకు కదిలితే ఇరుసు మర బిగించి చూడవచ్చు. కిందికీ మీదికీ కదిలితే తాళంలోనే లోపం, పక్కన పెట్టేయాలి. మూసిన చాకును తలకిందులుగా పట్టి చిన్నగా ఊపినా అలుగు బయటికి రాకూడదు. వస్తే జేబులో ఏదో రోజు తెరుచుకుంటుంది. కొందరు అలుగు వీపును బల్లకేసి కొట్టి తాళం బలం చూస్తారు. మంచి తాళాన్ని పాడుచేసే పద్ధతుల్లో అది ఒకటి. గడియ గట్టిదా కాదా అని తలుపు పట్టుకుని ఊగితే ఊడేది మడతబందు.

తృతీయ పద్యం

ఆ.వె.
సానరాయి లేని సంపన్నుడెవడైన
మొండికత్తి మోయు మోతకాడు
రాయి యొకటి యున్న రాజె కమ్మరి చాకు
పదును పేరు కాదు పాటు సుమ్ము

ప్రతిపదార్థం: సానరాయి లేని = నూరుకునే రాయి ఇంట్లో లేని; సంపన్నుడు ఎవడైన = ఎంత ఖరీదైన చాకు కొన్నవాడైనా; మొండికత్తి = ఆరు నెలల్లో మొద్దుబారిన కత్తిని; మోయు మోతకాడు = జేబులో బరువుగా మోసేవాడు మాత్రమే; రాయి ఒకటి ఉన్న = ఒక రాయి ఉంటే; కమ్మరి చాకు = ఊరి కొలిమిలో చేసిన చాకు; రాజె = రాజే; పదును = కోసే గుణం; పేరు కాదు = బిరుదు వల్ల వచ్చేది కాదు; పాటు సుమ్ము = శ్రమ వల్ల వచ్చేది సుమా.

తాత్పర్యం: స్పష్టం. స్పష్టమైన చోటే వ్యాఖ్యాతలు ఎక్కువ రాస్తారు కనుక కొంత రాస్తున్నాం.

విశేషం: ఏ ఉక్కయినా మొద్దుబారుతుంది. తేడా ఎప్పుడన్నదే. మామూలు స్టెయిన్‌లెస్ తొందరగా మొద్దుబారుతుంది, కానీ అయిదు నిమిషాలు రాయి మీద నూరితే మళ్ళీ లేస్తుంది. వనేడియం ఎక్కువున్న ఉక్కు చాలాకాలం నిలుస్తుంది. మొద్దుబారాక మాత్రం మామూలు రాయికి లొంగదు. ఎందుకంటే అందులోని వనేడియం కార్బైడు రేణువులు ఆ రాయికంటే గట్టివి. దానికి వజ్రపు పొడి పూసిన పలక కావాలి. కొనేముందు ఈ లెక్క ఎవరూ చెప్పరు. ఉక్కు గొప్పదయ్యే కొద్దీ రాయి ఖరీదు కూడా పెరుగుతుంది.

విధి: రాయిని నీటితోనో నూనెతోనో తడపాలి, ఏది మొదలుపెడితే అదే కొనసాగించాలి. అలుగును రాయి మీద పడుకోబెట్టి, వీపును 15 నుంచి 20 డిగ్రీల దాకా లేపాలి. ఆ కోణం చివరిదాకా మారకూడదు. ఒక వైపు నూరుతూ ఉంటే అవతలి అంచున వెంట్రుకంత సన్నని లోహపు ఈక లేస్తుంది. గోరు అడ్డంగా జరిపితే తగులుతుంది. అది మొన నుంచి మొదలుదాకా లేచేవరకు రెండో వైపుకు తిప్పకూడదు. చాలామంది ఈక లేవకముందే తిప్పేసి రాయిని తిడతారు. రెండు వైపులా లేచాక తోలు పట్టీ మీద వెనక్కి లాగితే ఈక రాలిపోతుంది. పాత క్షవరశాలల్లో మంగలి కుర్చీకి వేలాడిన తోలు పట్టీ చేసిన పని ఇదే. పరీక్షకు వేలు వద్దు. కాగితం గాలిలో పట్టి కోయండి, లేదా టమాటా మీద ఒత్తకుండా లాగండి. తొక్క మీద జారకుండా తెగితే పదును వచ్చినట్టు.

పూర్వపక్షం: ఈసారి మా అమ్మ. "ఇంట్లో కత్తిపీట ఉండగా వీడికి ఈ చాకులెందుకు?"

సిద్ధాంతం: ఈ ఆక్షేపానికి వ్యాఖ్యాత దగ్గర సమాధానం లేదు. కత్తిపీటకు తాళం లేదు. మడతబెట్టేది ఉన్నా అది వంటింటి మూల ఒరిగి ఉండడానికే. దాని ఉక్కుకు పేరు లేదు. చింతపండు తగిలి నల్లబడింది. సైకిల్ చక్రానికి సానబండ బిగించుకుని వీధిలోకి వచ్చే మనిషి దాన్ని ఏడాదికి నాలుగుసార్లు నూరి ఇస్తాడు. అమ్మ దాని మీద కూర్చుని నలభై ఏళ్ళుగా మాట్లాడుతూ వంకాయలు తరుగుతోంది. ఒక్క కుట్టు లేదు. ఇందులో కనబడుతున్నది ఉక్కు మహిమ కాదు, తాళం మహిమ అంతకన్నా కాదు. కత్తి నిలకడగా ఉండి కాయ కదలడం, కత్తి ఎప్పుడూ పదునుగా ఉండడం. మొద్దు కత్తితోనే బలం పెట్టి నెడతాం, కాయలో ఇరుక్కుంటే మెలితిప్పి లాగుతాం, తాళం మీద భారం పడేది అప్పుడే, జారేదీ అప్పుడే. మొదటి పద్యంలో వేలు తెగడానికి అసలు కారణం మూడో పద్యంలో ఉంది. కవి చాకు ఆ రోజు మొద్దుగా ఉంది. రాయి లేదు.

అధికారి నిర్ణయం: కనుక మొదట్లో దాచిన సంగతి ఇప్పుడు చెబుతున్నాం. మడతచాకు కొనడానికి అధికారి ఎవరంటే ఇంట్లో సానరాయి ఉన్నవాడు. అతడికి ఉక్కు ఏదైనా పనికొస్తుంది. రాయి లేనివాడికి ఏదీ పనికిరాదు.

ఫలశ్రుతి: ఈ పద్యత్రయాన్ని చదివినవారికి జామకాయలు సమంగా తెగుతాయి. వేళ్ళు పదీ పదిగానే ఉంటాయి. మన ఆయుధ నియమాల పట్టిక 9 అంగుళాలకు మించి పొడవో, 2 అంగుళాలకు మించి వెడల్పో ఉన్న అలుగులను ఆయుధాల్లో లెక్కిస్తుంది, ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవి తప్ప. జేబు చాకు ఆ కొలతకు చాలా దిగువ. అయినా విమానంలో చేతిసంచిలో దాన్ని రానివ్వరు. చెక్-ఇన్ బ్యాగేజీలో వేయడం మరిచిపోతే భద్రతా తనిఖీ దగ్గర చాకు పోతుంది, పద్యాలు మిగులుతాయి.

చాకు కొనబోయేవారికి ఒక్క మాట. దుకాణానికి బయల్దేరే ముందు ఇంట్లో సానరాయి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఈ నెల అది కొనండి. వంటింట్లో ఉన్న కత్తిని దాని మీద నూరడం నేర్చుకోండి. చాకు వచ్చే నెల కొనుక్కోవచ్చు.